అక్కా, జర్మనీ సంఘానికి వెళ్తున్నాం, ఏం తీసుకెళ్ళాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది నాయుడుపేట దగ్గర లూథరన్ సంఘం. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి సంఘంతో మాకు పార్ట్‌నర్‌షిప్ ఉంది, వాళ్ళు రెండుసార్లు మా ఊరు వచ్చి వెళ్ళారు, ఈసారి మమ్మల్ని రమ్మన్నారు. సెప్టెంబర్ ఆఖర్లో బయల్దేరి 14 రోజులు, మొత్తం తొమ్మిది మందిమి, హోటల్ కాదంట, వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండాలంట. నేను స్త్రీల సమాజం సెక్రటరీని, మా అత్తమ్మ కూడా వస్తోంది, ఆమెకి 67 ఏళ్ళు, ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు. వీసా ఎట్లా, బట్టలు ఎట్లా, తిండి ఎట్లా, అన్నీ భయంగానే ఉన్నాయి. ఇంకో విషయం, మా సంఘ పెద్దలు ఒక కవర్ చేతిలో పెట్టారు, చర్చి ప్రహరీ గోడకి ఆరు లక్షలు కావాలి, అక్కడ అడిగి తీసుకురండి అని. మా పాస్టర్ అయ్యగారు ఏమీ అనట్లేదు. ఆ కవర్ తీసుకెళ్ళాలా వద్దా? — ఒక చెల్లెలు, నాయుడుపేట

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ కవర్ సంగతి మాట్లాడదాం, వీసా సంగతి ఎవరైనా చెప్తారు గానీ ఇది ఎవరూ చెప్పరు. తీసుకెళ్ళొద్దు. గోడ అవసరం లేదని కాదు, అడగడం తప్పనీ కాదు. వియ్యంకుల ఇంటికి మొదటిసారి పోయేటప్పుడు సారె పట్టుకుని పోతాం గానీ అప్పు కాగితం జేబులో పెట్టుకుని పోతామా? గోడ గురించి అడగాలంటే ఇక్కడి నుంచే, సంఘం తీర్మానం చేసి, అయ్యగారి సంతకంతో, మీ సంఘాలన్నిటికీ పెద్దదైన సినడ్ ఆఫీసు ద్వారా, వాళ్ళ పార్ట్‌నర్‌షిప్ కమిటీకి ఉత్తరం రాసుకోవాలి. వాళ్ళు కమిటీలో కూర్చుని చర్చించి అవుననో కాదనో చెప్తారు. చేతిలో కవర్ పెడితే ఆ ఇంటివాళ్ళు కాదని ఎట్లా అనగలరు చెప్పు, ఇంటికొచ్చిన చుట్టం ముందు.

ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మేం వెళ్ళినప్పుడు మా గుంపులో ఒకాయన తను దిగిన ఇంటి పెద్దావిడని, ఆమె భర్త చనిపోయి ఒంటరిగా ఉంటోంది, వాళ్ళబ్బాయి ఫీజుకి కాస్త సాయం చేయమని రహస్యంగా అడిగాడు. ఆమె ఇచ్చింది కూడా. రెండు రోజుల్లో ఊరందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, కాఫీ పోశారు, కేక్ పెట్టారు, ఊళ్ళు తిప్పారు, కానీ ఆ తర్వాత మేం నోరారా మీ ఇల్లు ఎంత బాగుందండీ అన్నా, తోట బాగుందండీ అన్నా, వాళ్ళ మొహంలో ఏదో చిన్న బెదురు కనపడేది, తర్వాత ఏం అడుగుతారో అని. మిగిలిన ఎనిమిది రోజులూ నాకు అన్నం సహించలేదు. బయల్దేరే ముందే మీ తొమ్మిది మందీ ఒకచోట కూర్చుని ప్రార్థన చేసుకుని, మనలో ఎవ్వరం ఎవ్వరినీ ఒక్క యూరో అడగం అని మాట అనుకోండి. అయ్యగారు మౌనంగా ఉన్నారంటే ఆయన మనసులో కూడా ఇదే ఉండొచ్చు, పెద్దలకి ఎదురు చెప్పలేక ఊరుకుని ఉంటారు, నువ్వు వెళ్ళి మాట్లాడు.

వాళ్ళ దగ్గర డబ్బులు చెట్లకి కాస్తాయని మన ఊళ్ళల్లో చాలామంది అనుకుంటారు. అక్కడ చర్చి ట్యాక్స్ అని ఒకటి ఉంటుంది, సంఘంలో సభ్యులైతే వాళ్ళు కట్టే ఇన్‌కంటాక్స్ మీద ఇంకో 9 శాతం చర్చికి పోతుంది (బవేరియా, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం), గవర్నమెంటే వసూలు చేసి చర్చికి ఇస్తుంది. వద్దనుకున్నవాళ్ళు ఆఫీసుకి పోయి సభ్యత్వం రద్దు చేసుకుంటారు, అట్లా ప్రతి ఏడూ చాలామంది వెళ్ళిపోతున్నారు. మనుషులు తగ్గితే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే ముగ్గురు పాస్టర్లు చేసే పని ఒక్కళ్ళ మీద పడుతుంది, చర్చి బిల్డింగులు కూడా కొన్ని అమ్ముకోవాల్సి వస్తోంది. మీరు దిగే ఊళ్ళో పాస్టరమ్మ నాలుగు ఊళ్ళకి కారేసుకుని తిరుగుతుంటే ఆశ్చర్యపోకండి. అవసరాలు వాళ్ళకీ ఉన్నాయమ్మా, మన అవసరాల్లాగా బయటికి కనపడవు అంతే.

మీ ప్రాంతానికి ఆ రాష్ట్రానికి ఉన్న బంధం తెలుసుకుని వెళ్తే కూడా బాగుంటుంది, అక్కడ తప్పకుండా అడుగుతారు. లూనెబర్గ్ హీత్ అని పెద్ద ఇసుక నేల, సరిగ్గా పంటలు పండని చోటు, అందులో హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లెటూరు. అక్కడి పాస్టర్ లూయీ హార్మ్స్ గారు 1849లో మిషనరీల కోసం బడి పెట్టారు. మిషనరీలుగా పోయింది ఎక్కువగా రైతు బిడ్డలే, వాళ్ళని పంపడానికి ఓడ కావాలంటే ఆ పల్లెవాళ్ళంతా పోగేసి సొంతంగా ఓడే కట్టించారు, 1853లో బయల్దేరింది, పేరు కందాకే, అపొస్తలుల కార్యములు 8లో మనం చదివే ఐతియొపీయుల రాణి పేరు. ఆ మిషన్ నుంచే మిలియస్ దొరగారు 1865లో సూళ్ళూరుపేటకి వచ్చారు, అక్కడి నుంచి నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ దొరలు ఉండలేని పరిస్థితి వచ్చింది, పని అమెరికా ఒహాయో సినడ్ వాళ్ళ చేతికి పోయింది. మన తాతల కాలంలో మిషన్ కాంపౌండ్లు, బడులు, ఆ వేపచెట్ల కింద హాస్టళ్ళు అన్నీ వీటి నుంచి వచ్చినవే. కాబట్టి పేద రైతుల కానుకతో మనకి సువార్త అందింది అని అక్కడ చెప్పండి, వాళ్ళ పిల్లల్లో చాలామందికే ఈ సంగతి తెలియదు, మా గుంపులో ఒక తాతగారు కందాకే కథ చెప్తుంటే హైస్కూల్ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

ఇక వీసా. షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే తక్కువ రోజుల వీసానే, 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదు, మీకు 14 రోజులే కాబట్టి ఇబ్బంది లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి, కానీ మీరు జూన్‌లోనే స్లాట్ బుక్ చేసుకోండి, తొమ్మిది మందికీ ఒకే రోజు దొరకడం కష్టం. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్ సెంటర్ చార్జీలు వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, అత్తమ్మ వయసుకి ప్రీమియం కొంచెం ఎక్కువ పడుతుంది, అయినా తీసుకోండి, అక్కడ ఆసుపత్రి బిల్లు మనం మోయలేం. పాస్‌పోర్ట్ మీరు తిరిగొచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. ఆహ్వాన పత్రం ఒక్కటే సరిపోదు ఒక్కోసారి, వీళ్ళ ఖర్చులకి మేం పూచీ అని అక్కడి ఫారినర్స్ ఆఫీసులో వాళ్ళు సంతకం పెట్టి తీసుకునే కాగితం ఒకటి ఉంటుంది, అది పెట్టేటట్టయితే ఒరిజినల్ కాగితం కొరియర్‌లో ఇక్కడికి రావాలి, వాట్సాప్‌లో ఫోటో పనికిరాదు. ఇక్కడ మీరు తిరిగి వస్తారని నమ్మేలా, ఉద్యోగం ఉంటే లీవ్ లెటరు, పొలం ఉంటే పాస్‌బుక్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకోండి. అప్లై చేసే ముందు రోజు ఎవరో చెప్పారని అకౌంట్‌లో ఒక్కసారిగా రెండు లక్షలు వేయకండి, అదే అనుమానం తెప్పిస్తుంది.

ఇళ్ళల్లో ఉండటం గురించి నీ భయం నాకు అర్థమైంది, నాకూ అదే ఉండేది. అత్తమ్మకి భాష రాదని అసలు దిగులు పడకు. మా గుంపులో ఒక మామ్మ ఉండేది, ఆమెని, ఆ ఇంటావిడని వంటింట్లో వదిలేస్తే ఇద్దరూ బంగాళాదుంపలు చెక్కు తీసుకుంటూ రెండు గంటలు కబుర్లు చెప్పుకున్నారు, ఈమె తెలుగులో ఆమె జర్మన్‌లో. కానీ అత్తమ్మ బీపీ, షుగర్ మందులు డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులోనే పెట్టు, ఆమె దిగిన ఇల్లు, ఫోన్ నంబర్, ఈమె ఏం తినకూడదో, జర్మన్‌లో ఒక కార్డు మీద రాయించి మెడలో తగిలించు.

సాయంత్రం ఆరింటికి వాళ్ళు తినేది రొట్టె, చీజ్ లాంటివి, కోసిన కూరగాయలు, వేడిది ఏమీ ఉండదు. అది మర్యాద తక్కువ కాదు, వాళ్ళ పద్ధతే అది, వేడి భోజనం మధ్యాహ్నమే. మూడు రోజులకి మనవాళ్ళకి అన్నం మీదకి మనసు పోతుంది, అప్పుడు ఇంటావిడని అడిగి మీరే వండండి, పులిహోర, టమాటా పప్పు, వాళ్ళు పండగ చేసుకుంటారు. ఆవకాయ, కందిపొడి సీల్ చేసిన ప్యాకెట్లలో చెక్ ఇన్ లగేజీలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు వద్దు, యూరప్‌లోకి పాల వస్తువులు, మాంసం తీసుకెళ్ళనివ్వరు, ఆకులు, పండ్లకి కూడా సర్టిఫికెట్ ఉండాలి. పళ్ళెంలో పెట్టింది వదిలేయకుండా కొంచెం కొంచెమే పెట్టుకోండి, వద్దు అంటే వాళ్ళు మనలాగా మూడుసార్లు బతిమాలరు, వద్దంటే వద్దనే అనుకుంటారు, మా వాళ్ళు ఇద్దరు మొదటి రాత్రి మొహమాటానికి వద్దని ఆకలితో పడుకున్నారు.

బాత్రూంలో నీళ్ళ ఏర్పాటు ఉండదు, ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో పెట్టుకోండి, సిగ్గు పడాల్సిన పని లేదు. స్నానం చేశాక నేల తుడవాలి, అక్కడ నేల మీద నీళ్ళు పోయే దారి ఉండదు. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఆదివారం షాపులు మూసేస్తారు, కావాల్సినవి శనివారమే కొనుక్కోండి. ప్రోగ్రాం కాగితం మీద 9:45 అని ఉంటే 9:40కి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఉండాలి, ఇది మాత్రం చాలా గట్టిగా చెప్తున్నా, మన వల్ల ఒక ముసలాయన అరగంట చలిలో నిలబడితే మనకేం సంతోషం.

బట్టలు: చీరలే కట్టుకోండి, హాయిగా ఉంటుంది, కానీ లోపల థర్మల్స్, పైన మంచి జాకెట్, కాళ్ళకి సాక్స్, మూసిన బూట్లు. అక్టోబర్ మొదట్లో పొద్దున్నే ఐదారు డిగ్రీలకి దిగిపోతుంది. ఇంకో సంగతి, అంత చలిలోనూ వాళ్ళు పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరుస్తారు, గాలి మారాలని, మీరు మూసేయకండి, పది నిమిషాల్లో వాళ్ళే మూస్తారు.

గిఫ్టులు అడగలేదు గానీ చెప్తా. పెద్దవి వద్దు. వెంకటగిరి నేతలో చిన్న తువ్వాళ్ళో, శ్రీకాళహస్తి కలంకారీలో బైబిల్ ఘట్టాలు కూడా వేస్తారు కదా, సంఘానికి అలాంటిది ఒకటి, చాలు. వాళ్ళు మీ ఎదుటే కాగితం విప్పి చూస్తారు, అది ఆత్రం కాదు, ఇచ్చినవాళ్ళకి గౌరవం. వాళ్ళు మీకిచ్చింది కూడా మీరు అక్కడే విప్పాలి, మనలాగా బ్యాగులో పెట్టేసుకుంటే నచ్చలేదేమో అని బాధపడతారు.

ఆదివారం ఆరాధన గురించి. చెప్పులు బయట విడవరు, బూట్లతోనే లోపలికి. ఆడవాళ్ళు ముసుగు వేసుకోరు, మీరు కొంగు కప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు. పాస్టర్‌కి నల్ల గౌను, మెడ దగ్గర రెండు తెల్ల పట్టీలు, చాలా చోట్ల ఆడ పాస్టర్లే. పాటల నంబర్లు గోడమీద చెక్క బోర్డులో ఉంటాయి, ఆర్గన్ ముందు మొత్తం వాయించాకే పాడటం మొదలుపెడతారు. ప్రభురాత్రి భోజనానికి మనలాగా మోకరించకుండా బల్ల చుట్టూ అర్ధచంద్రంలా నిలబడతారు, ద్రాక్షరసమా వైనా అని ముందే చెప్తారు. లూథర్ గారు రాసిన దుర్గం పాట మన కీర్తనల పుస్తకంలోనూ ఉంది, రాగం అదే, మీరు తెలుగులో వాళ్ళు జర్మన్‌లో ఒకేసారి పాడండి, ముందు రోజు ఆర్గన్ వాయించే ఆయనకి చెప్తే చాలు. మేం పాడినప్పుడు రెండో చరణానికి వచ్చేసరికి మా అయ్యగారి గొంతు పెగల్లేదు.

జనం తక్కువగా ఉంటారు. రెండు వందల మంది పట్టే రాతి గుడిలో పాతిక మంది, ఎక్కువమంది తెల్ల జుట్టువాళ్ళు. నేను చేసిన తప్పు నువ్వు చేయకమ్మా. మేం మా సంఘంలో ఇంతమంది, ఈస్టర్‌కి టెంట్లు వేస్తాం అని గొప్పగా చెప్పి, మీ పిల్లలు ఎందుకు రారు అని అడిగాను. పాస్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. మర్నాడు తనతో కార్లో తీసుకెళ్ళింది. ఆ పాతిక మందిలో ఒకామె ప్రతి మంగళవారం వృద్ధాశ్రమంలో మంచం పట్టినవాళ్ళకి చదివి వినిపిస్తుంది, ఒకాయన సిరియా నుంచి వచ్చిన కుటుంబానికి ఆఫీసు కాగితాలు నింపి పెడతాడు, రిటైరైన టీచర్ వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్తుంది. రోజంతా తిరిగి వచ్చాక నేనే ఆమెకి క్షమాపణ చెప్పాను, ఇద్దరం కలిసి వాళ్ళ పిల్లల కోసం ప్రార్థన చేశాం, ఆమె ఏడ్చింది. అందుకే చెప్తున్నా, మీరు ప్రార్థన అడగండి, మీకోసం ఏం ప్రార్థన చేయమంటారు అని వాళ్ళనీ అడగండి.

మీరు వెళ్ళేది కోత పండుగ రోజులు, అక్టోబర్ మొదటి ఆదివారం సాధారణంగా జరుపుతారు. గోధుమ కంకులతో పెద్ద కిరీటం అల్లి పైనుంచి వేలాడదీస్తారు, బల్ల ముందు గుమ్మడికాయలు, ఆపిల్స్, క్యారెట్లు మట్టితో సహా, రొట్టెలు. ఆ వాసనకి నాకు మా ఊరి చర్చిలో కొత్త వడ్లు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు గుర్తొచ్చాయి. మా గుంపులో పెద్దాయన ఊరుకోలేక, ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర, పాస్టరమ్మ పర్మిషన్ తీసుకుని ఒక గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని వేలం పాట మొదలుపెట్టాడు, ఒకటోసారీ, రెండోసారీ అని తెలుగులోనే. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఒక రైతు 20 యూరోలకి పాడుకుని మళ్ళీ కాయ బల్ల మీదే పెట్టేశాడు, ఇంకొకళ్ళు పాడుకోవచ్చని, మన దగ్గర చేసినట్టే, ఎవరూ చెప్పకుండానే. ఆ కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. మేం తొమ్మిది మందిమి కూడా తలా కాస్త వేసుకుని ఒకసారి పాడుకున్నాం. డబ్బంతా ఆ ఊళ్ళో పేదవాళ్ళకి సరుకులు పంచే వాళ్ళకి ఇచ్చేశారు. ఆ రోజుతో వాళ్ళ మొహాల్లో బెదురు పోయింది. మీరు కూడా కొంచెం కానుక పోగేసుకుని వెళ్ళండి చెల్లెమ్మా, ఐదు వేలైనా సరే, మా సంఘం నుంచి మీ పేదలకి అని ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, మేం గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళం, మా గుంపులో కుర్రాళ్ళు విట్టెన్‌బెర్గ్ చూడాలంటున్నారు, ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు బెర్గెన్ బెల్సెన్ తీసుకెళ్తాం అంటున్నారు. ఒక్క రోజే ఖాళీ. ఏది చూడాలి? — ఒక యూత్ లీడర్, గుంటూరు

జవాబు: తమ్ముడూ, ఇంటివాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తామంటే అక్కడికే వెళ్ళండి. విట్టెన్‌బెర్గ్ గొప్పదే, 1517 అక్టోబర్ 31న లూథర్ గారి తొంభై ఐదు వాదాలు బయటికొచ్చిన ఊరు, ఆ కోట చర్చి తలుపుల మీద ఇప్పుడు అవి కంచులో పోసి ఉంటాయి, అవి 1858లో పెట్టినవి, లూథర్ గారి సమాధి లోపలే. కానీ అది మీరు ఎప్పుడైనా టికెట్ కొనుక్కుని చూడొచ్చు. బెర్గెన్ బెల్సెన్‌కి వాళ్ళు మిమ్మల్ని తీసుకెళ్తామన్నారంటే, వాళ్ళ ఇంటి సిగ్గుని దాచకుండా మీకు చూపిస్తున్నారు, అది మామూలు నమ్మకం కాదు. హెర్మన్స్‌బుర్గ్‌కి దగ్గరే ఆ క్యాంపు, హిట్లర్ కాలంలో నాజీలు యూదుల్నీ ఇంకా ఎందరినో బంధించి పెట్టిన చోటు. 50,000 మందికి పైగా అక్కడ చనిపోయారు, డైరీ రాసిన ఆ యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ కూడా 1945లో అక్కడే. ఆనాటి క్యాంపు షెడ్లేమీ ఇప్పుడు లేవు, గడ్డి పెరిగిన పొడవాటి దిబ్బలు, ఒక్కోదాని ముందు రాయి, ఇక్కడ 1000 మంది, ఇక్కడ 5000 మంది అని చెక్కి ఉంటుంది, పేర్లు ఉండవు. లూథర్ గారు యూదుల మీద ఎంత ఘోరంగా రాశారో కూడా అక్కడివాళ్ళే చెప్తారు, వినండి, మన పెద్దాయన కదా అని వాదించకండి. ఫోన్ జేబులో పెట్టుకోండి, సెల్ఫీలు వద్దు.

ఇంకో మాట, గుంటూరువాళ్ళు కాబట్టి. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్ గారు అమెరికా నుంచి వచ్చారు గానీ పుట్టింది 1793లో హెల్మ్‌స్టెట్‌లో, అదీ ఈ లోయర్ సాక్సనీలోనే. ముందే చెప్పి పెడితే ఎవరో ఒకరు కార్లో తీసుకెళ్తారు.

ప్రశ్న: అక్కా, మేం దిగబోయే ఇంట్లో అబ్బాయీ అమ్మాయీ పెళ్ళి కాకుండానే కలిసి ఉంటున్నారంట, మా అమ్మ అక్కడ ఉండనంటోంది. ఏం చేయాలి? — గూడూరు

జవాబు: అమ్మ మనసు నాకు తెలుసు తల్లీ, ఆమె నమ్మకం మార్చుకోమని నేను చెప్పను. కష్టంగా ఉంటే ఇప్పుడే, వెళ్ళకముందే, మీ గ్రూప్ లీడర్ ద్వారా నెమ్మదిగా చెప్పి వేరే ఇల్లు, ఒక పెద్దావిడ ఇల్లు, అడగండి, మెట్లెక్కలేదని చెప్పినా సరిపోతుంది గానీ నిజమే చెప్పడం మంచిది. అక్కడికెళ్ళాక మాత్రం ఆ అమ్మాయిని పెళ్ళెప్పుడు అని అడగకూడదు, జీతం ఎంత, పిల్లలెందుకు లేరు అనీ అడగకూడదు. వాళ్ళే అడిగితే అమ్మ ఏం నమ్ముతుందో అమ్మనే చెప్పనివ్వండి, మన మాట వాళ్ళు వింటారు.

ప్రశ్న: అక్కా, మేం పోయినేడు వెళ్ళొచ్చాం, జనవరిలో వాళ్ళు ఆరుగురు మా ఊరు వస్తున్నారు. ఏర్పాట్లు ఏం చేయాలి? — స్త్రీల సమాజం, సూళ్ళూరుపేట

జవాబు: చాలా సంతోషం. దండలు, డప్పులు ఒక్క రోజు చాలు, రోజూ స్టేజీ ఎక్కించొద్దు, శాలువాలు కప్పి కప్పి ఊపిరాడనివ్వం మనం. మీ ఇళ్ళల్లోనే పెట్టుకోండి, ఏసీ రూమ్ కోసం లాడ్జీకి పంపకండి. మంచానికి దోమతెర, సీల్ వేసిన నీళ్ళ బాటిళ్ళు, బాత్రూంలో టిష్యూ రోల్, కారం సగం. మధ్యాహ్నం రెండు గంటలు వాళ్ళని ఎవరూ పలకరించకుండా పడుకోనివ్వండి. ఊళ్ళో ఎవరైనా వాళ్ళ చేతిలో కాగితం పెట్టబోతే ఎవరు ఆపాలో ఇద్దరు పెద్దలకి ముందే అప్పజెప్పండి. అంగన్‌వాడీ, వడ్ల మిల్లు, పులికాట్ దగ్గర పక్షులు చూపించండి, జనవరిలో ఫ్లెమింగోలు ఉంటాయి కదా. ఒక సాయంత్రం ఏ ప్రోగ్రాం పెట్టకుండా వాకిట్లో మంచాలేసి కూర్చోబెట్టండి.